మా లాబ్రడార్ తుంటి నొప్పి: ఇంట్లో చేసిన మార్పులు

అమలాపురం దగ్గర మా ఇంట్లో పెరుగుతున్న లాబ్రడార్, ఏడాది వయసు దాటాక, పరుగెత్తేటప్పుడు వెనుక కాళ్లు రెండింటినీ కలిపి కుందేలులా గెంతడం, పడుకున్న చోటు నుంచి కష్టపడి లేవడం మొదలుపెట్టింది. పశువైద్యుడు మత్తు ఇచ్చి తీసిన ఎక్స్‌రేలో, తొడ ఎముక తల తుంటి గిన్నెలో సరిగా అమరక కీలు వదులుగా ఉన్నట్టు తేలింది. దీనినే హిప్ డిస్‌ప్లేసియా అంటారు. ఇది ప్రధానంగా వంశపారంపర్యంగా వస్తుంది. పెద్ద జాతి కుక్కపిల్లలకు పెరిగే వయసులో అతిగా తిండి పెట్టినా, కాల్షియం అదనంగా పోసినా ఇది ముదురుతుంది. కాల్షియం టానిక్ పట్టించమన్న సలహా మా వీధిలో దాదాపు ప్రతి ఇంటి నుంచీ వచ్చింది గాని, లోపం ఎముక బలంలో కాదు, కీలు అమరికలో ఉంది.

అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది బరువు తగ్గించడమే. పెరుగన్నాన్ని కొలతకు తెచ్చి, పక్కటెముకలు చేతికి తేలికగా తగిలేదాకా ఆ కొలతే పాటించాము. కాళ్లు జారే గ్రానైట్ నేల మీద, మన కోనసీమలో కొదవలేని కొబ్బరి పీచు పట్టలు పరిచి, మేడమెట్లకు అడ్డుకర్ర పెట్టాము. నీరు శరీర బరువును మోస్తుంది కనుక, కీలుకు ఒత్తిడి లేకుండా తొడ కండరాలు బలపడేందుకు, ప్రవాహం నెమ్మదిగా ఉన్న రేవులో తాడు పట్టుకుని ఈదించాము. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గట్టు మీద నెమ్మది నడకతో సరిపెట్టాము. నొప్పికి వైద్యుడు రాసిన మందే వాడాము, ఎందుకంటే మనుషుల ఐబూప్రోఫెన్ కుక్కల కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది.

ఇప్పుడు అది తడబడకుండా లేస్తోంది. కీలు వదులు మాత్రం అలాగే ఉంది. నొప్పి అదుపు తప్పితే శస్త్రచికిత్స గురించి ఆలోచించాలని వైద్యుడు చెప్పారు.