పాస్టర్ వ్యభిచారంలో పడ్డాక సంఘ పెద్దలు చేయాల్సినవి, ఆయన్ని మళ్లీ పీఠమెక్కించవచ్చా అనే ప్రశ్న

సంఘ పెద్దల కోసం ఇది రాస్తున్నాను. పాస్టర్ గారి విషయం బయటపడిందంటే మీ ఫోన్లు ఆగకుండా మోగుతాయి. ఒకరు "ప్రభువే క్షమించమన్నాడు కదా, ఆయన్ని ఎందుకు ఆపుతారు" అంటారు. ఇంకొకరు "ఈ ఆదివారమే వెళ్లగొట్టండి" అంటారు. ఇద్దరూ క్షమాపణకీ కాపరి పదవికీ కలిపి ముడివేస్తున్నారు. ఆ ముడి విప్పకపోతే మీరు ఏ నిర్ణయమూ సరిగ్గా తీసుకోలేరు. పశ్చాత్తాపపడిన పాపిని క్షమించడం సంఘానికి ఆజ్ఞ. ప్రసంగ పీఠం మాత్రం ఎవరి హక్కూ కాదు, ఎప్పుడూ కాదు.

నేను పెద్దల కమిటీలో ఉన్న స్త్రీని. మా సంఘంలో ఇలాంటిది జరిగినప్పుడు పాస్టరమ్మ గారితోనూ (అంటే పాస్టర్ గారి భార్యతోనూ), ఆ రెండో స్త్రీతోనూ కూర్చునే పని నాకు అప్పగించారు. అందుకే కింద రాసిన చాలా సంగతులు పాస్టర్ గారి వైపు నుంచి కాకుండా వాళ్లిద్దరి వైపు నుంచి చూసినవి.

ముందు మొదటి వారం

ఆరోపణ వచ్చిన రోజే ఆయన్ని ప్రసంగం నుంచి, కౌన్సెలింగ్ నుంచి, బాప్తిస్మం, ప్రభు బల్ల లాంటి పరిచర్యల నుంచి సెలవు మీద పక్కన పెట్టండి. విచారణ అయ్యేదాకా జీతం ఇవ్వండి. తాళంచెవులు, బ్యాంకు సంతకం, వాట్సాప్ గ్రూపుల అడ్మిన్ హక్కులు అన్నీ మరొకరికి మార్చండి. ఇది శిక్ష కాదని ఆయనకే స్పష్టంగా చెప్పండి. నిజంగా నిర్దోషి అయితే ఈ విరామం ఆయనకూ రక్షణే.

విషయంలో మైనర్ ఉన్నా, బలవంతం ఉన్నా పెద్దల విచారణ మొదలుపెట్టకండి. ముందు పోలీసులకు చెప్పాలి. ఆ తర్వాతే మన కమిటీ.

పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో, పెద్ద మీద దోషారోపణ ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే అంగీకరించమన్నాడు. ఈ వచనాన్ని చూపించి "చూసినవాళ్లు ఎవరు" అని ఒంటరి స్త్రీ నోరు మూయించడం చాలాచోట్ల జరుగుతోంది. ఇలాంటి పాపానికి పక్కన నిలబడి చూసే సాక్షులు ఎక్కడి నుంచి వస్తారు? మెసేజ్‌లు, కాల్ వివరాలు, డబ్బు పంపిన లెక్కలు, ఇంతకుముందు ఇదే సంగతి చెప్పి ఎవరూ నమ్మక సంఘం మానేసిన మరో స్త్రీ, ఇవన్నీ సాక్ష్యమే. ఆ వెంటనే వచ్చే వచనాన్ని కూడా చదవండి: పాపం చేసినవారిని అందరి ఎదుట గద్దించమంటుంది. మొదటి వచనం చదివి రెండోది దాటేయకూడదు.

ఇంకో సంగతి. ఆ స్త్రీనీ, ఆయన్నీ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి "తేల్చుకోండి" అనకండి. విడివిడిగా వినండి. ఆమెతో మాట్లాడేటప్పుడు మరో స్త్రీ తప్పనిసరిగా ఉండాలి. మాట్లాడింది రాసిపెట్టి, ఆమెకే చదివి వినిపించి, సరిగ్గా ఉందా అని అడగండి.

వ్యభిచారమా, అధికార దుర్వినియోగమా

పెద్దలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తర్వాతి నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

ఆ స్త్రీ ఆయన దగ్గరకు ఎందుకు వచ్చింది? భర్త తాగుడు గురించి ప్రార్థన చేయించుకోవడానికా? బిడ్డను పోగొట్టుకున్న దుఃఖంలోనా? సంఘం ఇచ్చే జీతం మీద బతుకుతోందా? వయసులో ఎంత తేడా? మొదట దగ్గరైంది ఎవరు, ఏ మాటలతో? "దేవుడు నాకు చూపించాడు" లాంటి మాట వాడాడా? ఇలాంటి ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో ఆమె ఆయన సంరక్షణలో ఉన్న మనిషి అని తేలితే, దాన్ని "ఇద్దరి తప్పు" అనడం అన్యాయం. డాక్టరు తన రోగితో, లెక్చరర్ తన విద్యార్థినితో సంబంధం పెట్టుకుంటే మనం ఎలా చూస్తామో ఇదీ అంతే. అమెరికాలో మిన్నెసోటా లాంటి రాష్ట్రాల్లో, ఆధ్యాత్మిక సలహా కోసం వచ్చిన మనిషితో పాస్టర్ లైంగిక సంబంధం పెట్టుకుంటే నేరం. ఆమె ఒప్పుకుందన్నది అక్కడ సాకుగా చెల్లదు.

నేను కూర్చున్న ఆ గదిలో ఆమె పదే పదే అడిగిన ప్రశ్న ఒక్కటే: "నన్ను సంఘంలోంచి తీసేస్తారా అమ్మా?" ఆయన భవిష్యత్తు గురించి కమిటీ గంటల తరబడి చర్చిస్తోంది. ఆమె గురించి ఒక్క తీర్మానం కూడా రాయలేదు. మీరు అలా చేయకండి. కౌన్సెలింగ్ ఖర్చు సంఘమే భరించాలి. ఆమె పేరు బయటికి రాకూడదు. ఆమె మీద పుకారు పుట్టించినవాళ్లతో పెద్దలే వెళ్లి మాట్లాడాలి.

సంఘానికి చెప్పడం

"ఆరోగ్య కారణాల వల్ల పాస్టర్ గారు విశ్రాంతి తీసుకుంటున్నారు" అని ప్రకటించారంటే, మీరు ఆయన పాపం మీద మీ అబద్ధం కూడా పేర్చినట్టే. సభ్యుల కూడిక పెట్టండి, పిల్లల్ని వేరే గదిలో ఉంచండి. కాగితం మీద రాసుకున్నది చదవండి, అప్పటికప్పుడు మాట్లాడొద్దు. దాదాపు ఇలా ఉంటే చాలు:

"మన పాస్టర్ గారు తన భార్య కాని స్త్రీతో వ్యభిచారంలో ఉన్నట్టు పెద్దలు విచారించి తెలుసుకున్నారు. ఆయన దాన్ని ఒప్పుకున్నారు. ఈ రోజు నుంచి ఆయన ఈ సంఘ కాపరి కారు. ఆ స్త్రీ ఎవరో ఊహించొద్దు, వెతకొద్దు. మీలో ఎవరికైనా ఆయన వల్ల ఇలాంటి బాధ కలిగి ఉంటే ఫలానా సోదరికి చెప్పండి, రహస్యంగా వింటారు."

ఆఖరి వాక్యాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వదలొద్దు. మొదటి స్త్రీ ఒక్కతే కాకపోవచ్చు.

కూడిక అయ్యాక కొందరు మెల్లగా వచ్చి అడుగుతారు: "ఆయన ఇచ్చిన బాప్తిస్మం చెల్లుతుందా? మా పెళ్లి చేసింది ఆయనే, మరి అది?" నవ్వి పంపేయకండి, వాళ్ల టెన్షన్ నిజమైనది. 4వ శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా సంఘం ఇదే ప్రశ్న మీద చీలిపోయింది. హింసకు భయపడి లేఖనాలను అప్పగించి పడిపోయిన బిషప్పుల చేతి పరిచర్య చెల్లదని దోనతస్ అనే బిషప్పు పక్షం పట్టుబట్టింది. బాప్తిస్మం ఇచ్చేది క్రీస్తే కాబట్టి, ఇచ్చిన చేతులు అపవిత్రమైనా అది చెల్లుతుందని అదే ప్రాంతపు బిషప్పు అగస్టీను వాదించాడు. ఈ జవాబు వాళ్లకు చెప్పండి.

పాస్టరమ్మ

భర్త ఒప్పుకోలు చదువుతుంటే పక్కన నిలబడమని ఆమెను అడగొద్దు. ఆమె క్షమించిందా లేదా అన్నది ఆయన పరిచర్యకు సర్టిఫికెట్‌లా వాడొద్దు. "అమ్మగారే క్షమించారు, మనమెవరం" అనే మాట నేను విన్నాను. ఆ మాట ఆమె మెడ మీద కత్తిలా ఉంటుంది, ఎందుకంటే క్షమించకపోతే కుటుంబం ఇల్లూ జీతమూ రెండూ పోగొట్టుకుంటుంది. అందుకే సంఘం ఇంట్లో ఉంటున్న కుటుంబానికి తగినంత గడువు, కొన్ని నెలల పోషణ ఆమె పేరు మీదే ఇవ్వండి. పిల్లల ఫీజులు ఆగకుండా చూడండి. ఆమె విడిపోవాలనుకున్నా ఈ సహాయం మారదని మొదటి రోజే రాతపూర్వకంగా చెప్పండి.

మరి తిరిగి రావచ్చా?

రావచ్చు అనేవాళ్లు వ్యభిచారం చేసిన దావీదును, ప్రభువును ఎరుగనన్న పేతురును చూపిస్తారు. దావీదు నిజంగానే క్షమాపణ పొందాడు, సింహాసనం మీద ఉండిపోయాడు కూడా. కానీ ఆయన రాజు, సంఘ కాపరి కాదు. కాపరికి ఉండాల్సిన లక్షణాలను పౌలు విడిగా రాశాడు: నిందారహితుడు, ఏకపత్నీ పురుషుడు, బయటివాళ్ల దగ్గర కూడా మంచి సాక్ష్యం ఉన్నవాడు. పైగా దావీదు ఇంటిని కత్తి విడిచిపోలేదని 2 సమూయేలు 12లోనే ఉంది. పేతురు మూడుసార్లు బొంకాడు, అయినా ప్రభువు తన గొర్రెలను మేపమన్నాడు. ఇది బలమైన ఉదాహరణే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయినా పేతురు భయంతో ఒక రాత్రి పడిపోయి అప్పుడే వెక్కి వెక్కి ఏడ్చాడు. నెలల తరబడి ఇద్దరు స్త్రీలకు అబద్ధాలు చెబుతూ ప్రతి ఆదివారం వాక్యం చెప్పడం వేరు.

"నేనభిషేకించినవారిని ముట్టకూడదు" అనే వచనం కూడా వస్తుంది. 105వ కీర్తనలో ఆ మాట అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు హాని చేయొద్దని రాజులను హెచ్చరించిన సందర్భం. పాపం చేసిన పాస్టరును ప్రశ్నించొద్దని అందులో ఎక్కడా లేదు.

పాతకాలం సంఘం కూడా ఈ ప్రశ్నకు ఒకే జవాబు ఇవ్వలేదు. 305 ప్రాంతంలో స్పెయిన్‌లోని ఎల్వీరాలో కూడిన సభ, పదవిలో ఉండి ఈ పాపం చేసిన బిషప్పులకు, పెద్దలకు, పరిచారకులకు చనిపోయేటప్పుడు కూడా బల్ల ఇవ్వొద్దని తీర్మానించింది. ఆ కఠినత్వం నాకు సువార్తలా అనిపించదు. ఆ శతాబ్దం చివర్లో కూర్చిన "అపొస్తలుల నియమాలు" అనే సంఘ నిబంధనలు మాత్రం, అలాంటివాణ్ణి పదవి నుంచి తీసేయాలి, బల్ల నుంచి వెలివేయకూడదు అన్నాయి. ఒకే తప్పుకు రెండు శిక్షలు వద్దన్నది వాళ్ల కారణం. నా మనసు ఇక్కడ నిలుస్తుంది.

ఈ మధ్య కాలంలో జరిగినవి రెండు చూడండి. 1988లో అమెరికా టీవీ ప్రసంగీకుడు జిమ్మీ స్వాగర్ట్ తన పాపాన్ని కన్నీళ్లతో అందరి ముందు ఒప్పుకున్నాడు. ఆయన డినామినేషన్ అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ ఒక ఏడాది ప్రసంగం మానమంది. ఆయన వినలేదు, వాళ్లు ఆయన గుర్తింపు రద్దు చేశారు. ఒప్పుకున్న మూడు నెలలకే మళ్లీ పీఠమెక్కాడు. 1991లో మళ్లీ ఒక వేశ్యతో దొరికాడు. కన్నీళ్లు పశ్చాత్తాపానికి కొలత కావని దీనికి మించిన రుజువు నాకు కనబడదు. ఇంకోవైపు అమెరికా పాస్టర్ గోర్డన్ మెక్‌డొనాల్డ్ తన వ్యభిచారం కారణంగా 1987లో ఒక పెద్ద క్రైస్తవ విద్యార్థి సంస్థ అధ్యక్ష పదవికి రాజీనామా చేసి, పెద్దల పర్యవేక్షణకు లోబడ్డాడు. తర్వాత న్యూయార్క్‌లో ఒక సంఘంలో సేవ చేసి, 1993లో తన పాత సంఘానికే కాపరిగా తిరిగి వెళ్లాడు. ఈయన ఉదాహరణ నేను కింద చెప్పబోయే నియమానికి ఎదురుగా నిలుస్తుంది, అది దాచను.

నా జవాబు ఇది. ఆమె ఆయన సంరక్షణలో ఉన్న స్త్రీ అయితే, లేదా ఒకరికంటే ఎక్కువమంది ఉంటే, కాపరి పదవికి ఇక ఎన్నటికీ వద్దు. అలా కాకపోతే కూడా అదే సంఘానికి అదే పదవిలో వద్దు. ఆ స్త్రీ, లేదా ఆమె కుటుంబం, ప్రతి ఆదివారం ఆయన గొంతు వినాల్సి వస్తుంది, లేదా సంఘం వదిలేయాల్సి వస్తుంది. మెక్‌డొనాల్డ్ విషయం ఏమిటని అడిగితే, ఒక్కరి విషయంలో కుదిరిన దాన్ని అందరికీ నియమం చేయలేం. వేరేచోట, ఏళ్ల తర్వాత, పరీక్షించినవాళ్లు సిఫారసు చేస్తే, ఒంటరిగా కాకుండా మిగతా పెద్దలతో కలిసి ఏదైనా పరిచర్య చేయడాన్ని నేను అడ్డుకోను. అదీ ఆయన అడిగితే కాదు, ఇతరులు ముందుకొచ్చి పిలిస్తే.

పునరుద్ధరణ ఎలా నడపాలి

గడువు పెట్టుకోవాల్సి వస్తే కనీసం రెండేళ్లు. అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ కూడా ఇలాంటి పాపానికి రెండేళ్లకు తగ్గకుండా పెడుతుంది. గడువు తీరగానే పదవి తిరిగి వస్తుందని మాత్రం ఎవరూ ఆశ పెట్టకూడదు. ఈ సమయమంతా ఆయన మామూలు విశ్వాసిగా ఆరాధనకు రావాలి, వెనక బెంచీలో కూర్చోవాలి, బతుకుతెరువుకు వేరే పని చూసుకోవాలి. పర్యవేక్షించేవాళ్లు ఆయన స్నేహితులు, శిష్యులు కాకూడదు. బయటి సంఘం నుంచి ఇద్దరైనా ఉండాలి, అందులో ఒక స్త్రీ ఉండాలి.

ఏం చూడాలంటే: అడిగినదానికి మించి తానే చెబుతున్నాడా, లేక దొరికినంతే ఒప్పుకుంటున్నాడా? "పరిచర్య ఒత్తిడి", "సాతాను దాడి", "భార్య నన్ను పట్టించుకోలేదు" అనే మాటలు ఆగాయా? ఫోన్ భార్య చేతికి అడగకుండా ఇస్తున్నాడా? నష్టపోయిన స్త్రీకి క్షమాపణ చెప్పమంటే చెబుతున్నాడా, ఆమె వద్దంటే దూరంగా ఉండగలుగుతున్నాడా? సంఘం డబ్బు ఆ సంబంధానికి వాడి ఉంటే తిరిగి కడుతున్నాడా? "ఎప్పుడు మొదలుపెట్టొచ్చు" అని ప్రతి భేటీలో అడిగే మనిషి ఇంకా సిద్ధంగా లేడు.

ఇక చాలాచోట్ల జరిగేది: ఆయన ఆగడు. కొందరు అభిమానుల్ని తీసుకుని కొత్త సంఘం పెట్టేస్తాడు, లేదా దూరంగా ఉన్న సంఘానికి దరఖాస్తు చేస్తాడు. అక్కడి పెద్దలు మీకు ఫోన్ చేస్తే "మంచి ప్రసంగీకుడు" అని ఊరుకోవద్దు. విచారణ తేదీలు, మీరు తేల్చినది, ఆయన ఒప్పుకున్నది, పునరుద్ధరణ పూర్తి చేశాడా మధ్యలో వదిలేశాడా అన్నవి రాసిన ఉత్తరం ఫైల్లో సిద్ధంగా ఉంచండి. అందులో ఆ స్త్రీ పేరు ఉండకూడదు. అడిగినవాళ్లకు ఆ ఉత్తరమే పంపండి, పంపినట్టు ఆయనకూ చెప్పండి. మీ కమిటీ మారినా కొత్త కమిటీకి ఆ ఫైలు అప్పగించి, అందుకున్నట్టు సంతకం తీసుకోండి.