నాన్నది విండోస్, చెల్లిది మ్యాక్, నాది ఉబుంటు: ఫైళ్లు మాత్రం ఒక్కచోటే

ఎంవీపీ కాలనీలో మాది మేడ ఇల్లు. కింద నాన్న విండోస్ 11 డెస్క్‌టాప్, పైన నా ఉబుంటు ల్యాప్‌టాప్, చెల్లి మ్యాక్‌బుక్. అరకు ఫొటోలు ఎవరికి కావాలన్నా పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లు ఎక్కడం, దిగడం. ఈ మూడింటికీ నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ అనే పద్ధతి వచ్చు కాబట్టి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. ఎక్కువసేపు ఆన్‌లో ఉండే కంప్యూటర్‌లో (మా ఇంట్లో నాన్న డెస్క్‌టాప్) ఫోల్డర్ షేర్ చేసి, మిగతా రెండింట్లోంచి తెరుచుకోవడమే.

ముందు విండోస్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌కి వెళ్లి, మీ వైఫై పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌గా మార్చండి.

నా సాయంత్రం మొత్తం పోయింది మాత్రం పాస్‌వర్డ్ దగ్గర. నాన్న రోజూ నాలుగంకెల పిన్ కొట్టి లాగిన్ అవుతారు కదా అని మ్యాక్‌లో నేనూ అదే కొట్టాను, కొట్టిన ప్రతిసారీ ఆ పెట్టె అడ్డంగా తల ఊపినట్టు ఊగి మళ్లీ మొదటికొచ్చింది. పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే పనిచేస్తుంది, నెట్‌వర్క్‌లో చెల్లదు. అందుకే అకౌంట్స్‌లోకి వెళ్లి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేని కొత్త యూజర్‌ని, గట్టి పాస్‌వర్డ్‌తో, దీనికోసమే తయారుచేయండి.

ఇప్పుడు ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్, అడ్వాన్స్‌డ్ షేరింగ్. అక్కడ టిక్ పెట్టి, పర్మిషన్స్‌లో ఎవ్రీవన్ తీసేసి కొత్త యూజర్‌కి చేంజ్ ఇవ్వండి. అంతటితో అయిపోలేదు, పక్కనున్న సెక్యూరిటీ ట్యాబ్‌లో కూడా అదే యూజర్‌కి మాడిఫై ఇవ్వాలి. ఒకటి వీధి గుమ్మం, ఇంకోటి గది తలుపు. ఏది మూసున్నా ఫైలు సేవ్ అవ్వదు.

మ్యాక్‌లో ఫైండర్ తెరిచి కమాండ్, కే కలిపి నొక్కండి. ఎస్ఎంబీ, కోలన్, రెండు స్లాష్‌లు, విండోస్ కంప్యూటర్ ఐపీ అడ్రస్ (ఇంటి నెట్‌వర్క్‌లో దాని నంబరు), ఇంకో స్లాష్, షేర్ పేరు, ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. ఉబుంటులో ఫైల్స్ యాప్‌లో నెట్‌వర్క్‌కి వెళ్లి (పాత వెర్షన్లలో అదర్ లొకేషన్స్) ఇదే అడ్రస్ ఇస్తే సరి.

కనెక్ట్ కాకపోతే ఎస్ఎంబీ 1 (ఆ పద్ధతి పాత వెర్షన్) ఆన్ చేయమని ఎవరైనా సలహా ఇస్తారు, వినకండి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ చాలా దేశాల్లో పాకింది అందులోని లోపం పట్టుకునే. అంతకంటే ముందు డెస్క్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లిందేమో, మీ ఫోనో ల్యాప్‌టాపో గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి.

కరెంటు పోయొచ్చాక నిన్నటి అడ్రస్ పనిచేయడం లేదంటే ఐపీ మారి ఉండొచ్చు. రౌటర్‌లో ఆ డెస్క్‌టాప్‌కి ఒకే ఐపీ రిజర్వ్ చేసేయండి. ఇంకోటి, ఉబుంటులో ఫైలు పేరులో ప్రశ్నార్థకం పెట్టుకోవచ్చు గానీ విండోస్ ఒప్పుకోదు, "బొర్రా గుహలు ఎప్పుడు?" అని నేను పేరు పెట్టిన ఫోల్డర్ కాపీ కాక, ఆ గుర్తు తీసేశాకే వెళ్లింది.