నొక్కాను, వదిలాను: ఇంట్లోనే బ్రేక్ ఆయిల్ మార్చడం

అందరం బ్రేక్ ఆయిల్ అనే అంటాం గానీ, అది అసలు ఆయిలే కాదు. నూనె నీళ్లతో కలవదు. ఈ ద్రవం మాత్రం గాల్లో తేమను కూడా లాక్కుని తనలో కలిపేసుకుంటుంది. పేరు చూసి మోసపోయి ఇంజిన్ ఆయిల్ పోశారంటే లోపలి రబ్బరు సీల్స్ ఉబ్బిపోతాయి, బ్రేకుల పని అంతటితో సరి.

నాకు ఈ పని నేర్పింది భయమే. పొడుగాటి దిగుడు రోడ్డులో బ్రేకు తొక్కీ తొక్కీ వస్తుంటే, ఉన్నట్టుండి పెడల్ స్పాంజిలా మెత్తబడింది. గేరు తగ్గించుకుంటూ, హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగుతూ ఎలాగో పక్కకు ఆపాను. అరగంటకు పెడల్ మామూలుగా గట్టిపడింది. కారణం తర్వాత తెలిసింది. డాట్ 4 అనే రకం బ్రేక్ ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. వేడెక్కిన బ్రేకుల దగ్గర ద్రవం మరిగి ఆవిరైతే, మన కాలి బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే పోతుంది. చల్లారితే బుడగలు పోతాయి, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఆ రోజు బానెట్ ఎత్తి చూస్తే, ఈ ద్రవం పోసే డబ్బాలో ఆయిల్ పల్చటి తేనె రంగులో బ్రహ్మాండంగా ఉంది. రంగును నమ్మకండి. పెన్నులాంటి టెస్టర్ దొరుకుతుంది, ద్రవంలో కరెంటు ఎంత పారుతుందో చూసి తేమను అంచనా వేస్తుంది. డబ్బాలో ముంచితే పచ్చ లైటు వెలిగింది. తర్వాత వెనక చక్రం దగ్గర తీసిన ద్రవంలో ముంచితే ఎర్రది! డబ్బాలో పచ్చ వెలిగిందని ఊరుకోకపోవడం మంచిది. అది అంచనా చెప్పే పనిముట్టే, తూకం రాయి కాదు. మీ కారు మాన్యువల్‌లో రెండేళ్లకోసారి మార్చాలని ఉంటే, లైటు ఏ రంగులో వెలిగినా నేనైతే మార్చేస్తాను.

ఏ రకం పోయాలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. డాట్ 5, డాట్ 5.1 ఒకటే అనుకోవద్దు. డాట్ 5 సిలికాన్ ద్రవం, మిగతావాటితో కలపకూడదు. సీలు తీయని సీసానే వాడండి. పోయినసారి మిగిలిన సగం సీసా ఈపాటికి ఎంత తేమ తాగిందో ఎవరికి తెలుసు? నా చిన్న కారుకు లీటరు సీసా ఒకటి తెస్తే కాస్త మిగులుతుంది. ఇంకా కావలసినవి: నిపిల్‌కు (చక్రం దగ్గర బ్రేకు మీద ఉండే, వదులు చేస్తే ద్రవం బయటికొచ్చే చిన్న బోల్టు) సరిగ్గా పట్టే రింగ్ పానా, నిపిల్ మీద బిగుతుగా కూర్చునే పారదర్శకమైన గొట్టం, ఖాళీ సీసా, పెద్ద సిరంజి, కళ్లకు రక్షణగా అద్దాలు, ఒక బకెట్ నీళ్లు. నీళ్లెందుకంటే, ఇది పెయింట్ మీద పడితే తినేస్తుంది, వెంటనే కడిగేయాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి చక్రం తీయొద్దు, కింద స్టాండ్లు పెట్టాల్సిందే.

తుప్పు పట్టిన నిపిల్స్ మీద ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. అయినా కదలకపోతే అక్కడితో ఆపేయండి. నిపిల్ విరిగితే ఆదివారం పని కాస్తా వారం పని అవుతుంది.

ముందు సిరంజితో డబ్బాలోని పాత ద్రవాన్ని చాలావరకు లాగేసి కొత్తది పోస్తాను, అడుగంటా ఖాళీ చేయను. తర్వాత మాస్టర్ సిలిండర్‌కు, అంటే పెడల్ తొక్కితే ద్రవాన్ని చక్రాల వైపు నెట్టే భాగానికి, దూరంగా ఉన్న చక్రం నుంచి దగ్గరకు వస్తాను. నా కారులో వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. కొన్ని కార్లలో ఈ వరుస వేరు, మాన్యువల్ మాటే ఆఖరు. పార్కింగ్ బ్రేకు బటన్‌తో పనిచేసే కార్ల జోలికి, హైబ్రిడ్ల జోలికి నేను పోను. వాటికి కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ కావాల్సి రావచ్చు.

ఇంజిన్ ఆపి ఉంటుంది. పెడల్ దగ్గర మా అబ్బాయి, చక్రం దగ్గర నేను. గొట్టం రెండో కొన సీసా అడుగున కొంచెం కొత్త ద్రవంలో మునిగి ఉంటుంది.

"నొక్కు."

"నొక్కాను నాన్నా."

నిపిల్ పావు చుట్టు వదులు చేస్తాను. పాత ద్రవం బుసబుసమంటూ వస్తుంది, పెడల్ కిందికి దిగుతుంది. నిపిల్ బిగించాకే "వదులు" అంటాను. "వదిలాను" అని వినబడ్డాకే మళ్లీ మొదలు. మొదటిసారి వాడు ఫోన్ చూస్తూ, నేను బిగించకముందే కాలు తీసేశాడు. పెడల్ పైకి లేస్తూ నిపిల్ మర చుట్ల సందుల్లోంచి గాలి పీల్చేసింది. అందుకే ఇప్పుడు చేసిన పనిని పైకి చెప్పి తీరాలని మా ఇంట్లో రూలు. పాత కారైతే పెడల్ కింద చెక్కముక్క పెట్టండి. రోజూ అంత లోతుకు వెళ్లని మాస్టర్ సిలిండర్ సీల్స్ అడుగు దాకా జారితే, అక్కడున్న తుప్పుకు గీసుకుపోతాయి.

బుడగలు ఆగి, స్వచ్ఛమైన కొత్త ద్రవం వచ్చేదాకా ఇదే తంతు. ప్రతి ఐదారు తొక్కులకు డబ్బా చూడాలి. ఒకసారి ముచ్చట్లలో పడి మరచిపోయాను. మట్టం మినిమమ్ గీత కిందికి పోయి పైనుంచి గాలి దూరింది, నాలుగు చక్రాలూ మళ్లీ మొదటి నుంచి చేశాం. ఆ గాలి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగిసిపోకుండా చూసేది) యూనిట్‌లోకి వెళ్లి ఉంటే మెకానిక్ స్కానర్ పెడితే గానీ వదిలేది కాదేమో.

అన్నీ అయ్యాక నిపిల్స్ మరీ బలం పెట్టకుండా బిగించి, రబ్బరు టోపీలు పెట్టి, డబ్బా మ్యాక్సిమమ్ గీత దాకా నింపండి. ఇంజిన్ ఆపే ఉంచి పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. కాలు అలాగే నొక్కి పట్టి స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా దిగుతుంది, అది కాలి బలాన్ని పెంచే బూస్టర్ పని, కంగారు పడకండి. అక్కడి నుంచి అర నిమిషం నొక్కి ఉంచినా ఇంకా దిగుతూనే ఉంటే ఎక్కడో లీకు ఉంది, లేదా మాస్టర్ సిలిండర్ పోయింది. కారు బయటికి తీయొద్దు. గట్టిగా నిలిస్తే, ఖాళీ చోట నడిచే వేగంతో నాలుగైదు సార్లు బ్రేకు కొట్టి చూడండి. తిరిగొచ్చాక ఒక్కో నిపిల్‌నూ కాగితంతో తుడిచి, తడి అంటుతోందేమో చూస్తాను. పాత ద్రవాన్ని మురుగుకాల్వలో పోయకండి, సీసాకు మూత బిగించి, వాడేసిన ఆయిల్ తీసుకునేవాళ్లకు విడిగా ఇవ్వండి. మా అబ్బాయి డబ్బా మీద టేపు అంటించి తేదీ రాస్తాడు.