క్లోజ్ ఎయిర్ సపోర్ట్ విమానాల భవిష్యత్తుపై చర్చకు సిద్ధమయ్యే పద్ధతి

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల గ్రంథాలయాల్లో కూర్చుని సైనికాధికారుల ఎంపికకు జరిగే సీడీఎస్, ఏఎఫ్‌క్యాట్ పరీక్షలకు చదువుతున్న యువతీయువకుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. రాతపరీక్ష గట్టెక్కి ఎస్ఎస్‌బీ ఎంపిక ఇంటర్వ్యూల దాకా వెళ్లినవారికి బృంద చర్చలోనో, మూడు నిమిషాల చిన్న ప్రసంగమైన లెక్చరెట్‌లోనో రక్షణరంగ అంశాలు ఎదురుకావచ్చు. నేలమీది సైన్యానికి అండగా వచ్చి దాడి చేసే విమానాలకు ఇక కాలం చెల్లిందా అన్న ప్రశ్న అలాంటిదే. దీని మీద నోరు తెరిచినవారిలో చాలామంది మొదటి వాక్యంలోనే ఈ పనికే తయారైన అమెరికా ఏ-10 విమానం పక్షమో, డ్రోన్ల పక్షమో చేరిపోతారు. ఆ తర్వాత వారు చెప్పేదంతా అభిమానమే అవుతుంది, విశ్లేషణ కాదు. ఆపదలో ఉన్న సైనికుడి పిలుపు వేరు, ఆ పిలుపు విని వచ్చే యంత్రం వేరు. ఈ రెంటినీ విడదీసి చూసినవారికే ఈ అంశం చేతికి చిక్కుతుందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ విడదీసే పని ఎలా చేయాలో, ఏ లెక్కలు కాగితం మీద వేసుకోవాలో కింద వివరిస్తున్నాను.

ముందుగా హద్దు గీసుకోండి

మన సైనికులకు అతి దగ్గరలో ఉన్న శత్రువు మీద, మన పదాతిదళం కదలికలతోనూ మన ఫిరంగుల కాల్పులతోనూ అడుగడుగునా సమన్వయం చేసుకుంటూ గగనతలం నుంచి చేసే దాడిని క్లోజ్ ఎయిర్ సపోర్ట్ అంటారు. దగ్గరలో మనవాళ్లు లేని దాడి, నేలమీది దళంతో సమన్వయం అక్కర లేని దాడి ఎంత గొప్పదైనా ఈ కోవలోకి రాదు. 2019 ఫిబ్రవరి 26న బాలాకోట్ మీద జరిగిన దాడిని గానీ, 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్‌లో ఉగ్రవాద స్థావరాల మీద జరిగిన దాడులను గానీ ఇక్కడ ఉదాహరణగా చెబితే, అంశం మీకు అర్థం కాలేదని పరీక్షకుడు వెంటనే గ్రహిస్తాడు.

సరైన ఉదాహరణ కోసం 1971 డిసెంబరు నాటి లోంగేవాలా పోరును వివరంగా చదవండి. 4వ తేదీ రాత్రి రాజస్థాన్ ఎడారిలో, పంజాబ్ రెజిమెంట్ 23వ బెటాలియన్‌కు చెందిన ఒక్క కంపెనీ మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి నాయకత్వంలో పాకిస్తాన్ ట్యాంకులకు ఎదురు నిలిచింది. జైసల్మేర్‌లో ఉన్న హంటర్ విమానాలకు రాత్రిపూట దాడి చేయగల సాధనాలు లేవు కాబట్టి, తెల్లవారేదాకా ఆ కంపెనీ తన బలం మీదనే నిలవవలసి వచ్చింది. 5వ తేదీ వెలుగు రాగానే హంటర్లు వచ్చాయి. సైన్యానికి చెందిన చిన్న పరిశీలక విమానం వాటికి లక్ష్యాలు చూపించింది. దాక్కునే చోటు లేని ఇసుకలో ట్యాంకులు ఒకదాని వెంట ఒకటి ధ్వంసమయ్యాయి. ఈ విజయానికి పగటి వెలుగు, విశాలమైన బయలు, పైన శత్రు విమానాలు లేకపోవడం, కింద చెప్పుకోదగ్గ విమాన విధ్వంసక ఆయుధాలు లేకపోవడం అన్నీ కలిసివచ్చాయి. వీటిలో ఒక్కొక్కటీ తీసేసి, ఫలితం అప్పుడు ఎలా ఉండేదో నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు రాయండి. నేటి యుద్ధరంగంలో ఆ నాలుగూ ఒకేసారి దొరకడం అరుదు.

ఎత్తుల లెక్క, నిమిషాల లెక్క

రెండో మెట్టు అంకెలది. దీన్ని దాటవేసేవారే ఎక్కువ కాబట్టి ఇక్కడ కొంచెం సేపు ఆగండి.

1999 మే 26న భారత వాయుసేన కార్గిల్‌లో ఆపరేషన్ సఫేద్ సాగర్ మొదలుపెట్టింది. మరునాడే ఒక మిగ్-27 ఇంజిన్ ఆగి కూలిపోయింది. దాని పైలట్ కోసం వెతుకుతున్న మిగ్-21 క్షిపణి తగిలి కూలింది, స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహూజా అమరుడయ్యాడు. 28న రాకెట్లతో దాడికి వెళ్లిన ఎంఐ-17 హెలికాప్టర్‌ను శత్రువు భుజం మీద నుంచి ప్రయోగించిన క్షిపణితో కూల్చాడు, అందులోని నలుగురూ మరణించారు. ఇప్పుడు లెక్క వేయండి. ఆ తరం భుజ క్షిపణి ప్రయోగించేవాడికి పైన సుమారు మూడున్నర, నాలుగు కిలోమీటర్ల దాకా అందుతుంది. ప్రయోగించేవాడు 5,000 మీటర్ల శిఖరం మీద కూర్చుంటే, విమానం సముద్రమట్టానికి దాదాపు 9,000 మీటర్ల ఎత్తున ఎగిరితే గానీ భద్రంగా ఉండదు. అంత ఎత్తు నుంచి రాతి బంకరును కంటితో చూసి మామూలు బాంబుతో కొట్టడం అసాధ్యమే. అందుకే వాయుసేన పద్ధతి మార్చుకుంది. హెలికాప్టర్లను దాడి పని నుంచి తప్పించింది. మిరాజ్-2000 విమానాలకు లేజర్ గైడెడ్ బాంబులు అమర్చి, జూన్ 24న టైగర్ హిల్ మీది స్థావరాన్ని కొట్టింది. అయితే కార్గిల్‌లో పదాతిదళానికి రోజూ తోడున్నది ప్రధానంగా ఫిరంగులేనని కూడా చెప్పండి. విమానాన్ని మెచ్చుకునే తొందరలో బోఫోర్స్ ఫిరంగి దళాలను మరచిపోవడం అన్యాయం.

ఈ పాఠం మనకొక్కరికే ఎదురైనది కాదు. 1991 గల్ఫ్ యుద్ధంలో ఫిబ్రవరి 15న ఇరాక్ రిపబ్లికన్ గార్డ్ దళాల మీదికి వెళ్లిన ఏ-10లలో రెండు ఒకే రోజు కూలిపోవడంతో, వాటిని అంత లోతుకు పంపడం ఆపేశారు. పైలట్ చుట్టూ టైటానియం కవచం ఉన్న విమానానికే ఆ గతి పట్టింది. ఇక దాని 30 మిల్లీమీటర్ల తుపాకి గురించి గొప్పగా చెప్పేవారు ఉంటారు. నిమిషానికి 3,900 గుండ్ల వేగంతో కాల్చే ఆ తుపాకిలో పట్టేవి 1,174 గుండ్లు. భాగిస్తే పద్దెనిమిది సెకన్లు. పైలట్ ఒకటి రెండు సెకన్ల చొప్పున పొదుపుగా కాలుస్తాడు. అలా కాల్చడానికి లక్ష్యానికి ఒకటి రెండు కిలోమీటర్ల దగ్గరికి రావాలి, అంటే భుజ క్షిపణి పరిధిలోకి తనంతట తానే రావాలి.

2022 నుంచి ఉక్రెయిన్‌లో రెండు పక్షాల సుఖోయ్-25 దాడి విమానాలూ చెట్ల ఎత్తున వచ్చి, ముక్కు పైకెత్తి, గైడెన్స్ లేని రాకెట్లను దూరం నుంచి విసిరి వెంటనే వెనుదిరగడం ప్రపంచమంతా చూసింది. ప్రాణం దక్కించుకోవడానికి అది సరైన పద్ధతే కావచ్చు గానీ, మనవాళ్లకు దగ్గరలో ఉన్న శత్రువును అలా కొట్టలేరు. దీనికి ఎదురు ఉదాహరణ కూడా దగ్గర పెట్టుకోండి. 2023 వేసవిలో ఉక్రెయిన్ ఎదురుదాడి చేసినప్పుడు, ముందుకు వచ్చిన కవచ వాహనాలకు తగినంత గగనతల రక్షణ లేనిచోట రష్యా కేఏ-52 హెలికాప్టర్లు దూరం నుంచి క్షిపణులతో వాటిని గట్టిగా దెబ్బతీశాయి. అంటే ప్రశ్న హెలికాప్టర్ పాతదా కొత్తదా అన్నది కాదు, ఆ రోజు ఆ చోట కింద ఏ ఆయుధం కాచుకుని ఉందన్నది.

ఆ తర్వాత నిమిషాల పట్టిక వేయండి. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వచ్చే యుద్ధవిమానం నిమిషానికి 15 కిలోమీటర్లు దాటుతుంది, 150 కిలోమీటర్ల దూరంలోని స్థావరం నుంచి పది నిమిషాలు, దానికి తోడు పైకి లేచే సమయం. నలభై కిలోమీటర్ల వెనక నుంచి వచ్చే హెలికాప్టర్‌కూ దాదాపు పది నిమిషాలే. పది కిలోమీటర్ల దూరం నుంచి గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే చిన్న డ్రోన్‌కు ఆరు నిమిషాలు. ఇరవై కిలోమీటర్ల నుంచి వచ్చే ఫిరంగి గుండుకు నిమిషం పైచిలుకు. ఈ పట్టిక పక్కనే ఒక్కొక్కటి ఎంత బరువైన పేలుడు పదార్థం తెస్తుందో మరో వరుసలో రాస్తే, చౌకగా, వేగంగా వచ్చేదానికీ గోడను పడగొట్టగలదానికీ మధ్య తేడా మీకే తెలిసిపోతుంది.

ఉదయ సముద్రం కట్ట మీద ఒక అభ్యాసం

పుస్తకంతో రానిది ఒకటుంది: ఒకరి కళ్లకు కనిపించేదాన్ని మరొకరి కళ్లకు మాటలతో చూపించడం. యుద్ధరంగంలో ఈ పని, నేలమీద దళంతో ఉండి విమానాలకు లక్ష్యం చూపే ఫార్వర్డ్ ఎయిర్ కంట్రోలర్ చేస్తాడు. నల్లగొండలో ఉన్నవారు దీన్ని పానగల్లులో సాధన చేయవచ్చు. మీరు ఉదయ సముద్రం కట్ట మీద నిలబడండి, మీ మిత్రుడు ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరవాలి. కట్ట కింది పొలాల్లో ఏదో ఒక బోరు మోటారు రేకుల గదిని మీరు ఎంచుకుని, ఫోన్‌లో మాటలతోనే అతడిని దాని మీదికి తీసుకురావాలి. ‘నా ఎడమ పక్క’ అని మొదలుపెడితే అతడికి ఏమీ తెలియదు, ఎందుకంటే మీరు ఏ వైపు తిరిగి ఉన్నారో అతడు చూడలేడు. ముందు చెరువు, తర్వాత కట్ట, తర్వాత ఛాయా సోమేశ్వరాలయం అంటూ పెద్దదాని నుంచి చిన్నదానికి రండి. గుడి ప్రాకారం ఒక పక్క పొడవును కొలతగా పెట్టుకుని, ఉత్తరానికి అలాంటివి ఎన్ని పొడవులో చెప్పండి. చివర్లో ఒకేలా ఉన్న రేకుల గదులు రెండు మూడు కనిపిస్తాయి, అసలు కష్టం అక్కడుంది. అతడు చూస్తున్నది మీరు చూపిస్తున్నదేనని నిర్ధారించుకోవడానికి పక్కన ఏముందో మీరు చెప్పకుండా అతడి చేతనే చెప్పించాలి.

ఇది అలవాటయ్యాక, నాటో దేశాలు వాడే తొమ్మిది వరుసల సమాచార పత్రాన్ని నేర్చుకోండి. విమానం ఏ బిందువు నుంచి, ఏ దిశలో, ఎంత దూరం రావాలన్నవి మొదటి మూడు వరుసలు. లక్ష్యం ఎత్తు, వివరణ, స్థానం తర్వాతి మూడు. ఏ గుర్తుతో చూపిస్తారన్నది ఏడోది, మనవాళ్లు ఎక్కడున్నారన్నది ఎనిమిదోది, దాడి తర్వాత ఏ వైపు తిరిగి వెళ్లాలన్నది తొమ్మిదోది. లక్ష్యం ఎత్తునూ స్థానాన్నీ పైలట్ తిరిగి చదివి వినిపించాలి. 2014 జూన్ 9న అఫ్గానిస్తాన్‌లోని జాబుల్ ప్రాంతంలో ఎనిమిదో వరుసకు సంబంధించిన విషయమే తప్పింది. నేలమీది సైనికులు తమ శిరస్త్రాణాల మీద ఇన్‌ఫ్రారెడ్ దీపాలు పెట్టుకున్నారు. పైనున్న బీ-1 బాంబర్ కెమెరా పాడ్‌కు ఆ దీపాలను గుర్తించే సామర్థ్యమే లేదు, ఆ సంగతి విమాన సిబ్బందికీ నేలమీది కంట్రోలర్‌కూ తెలియదు. దీపాలు కనిపించలేదు కాబట్టి అక్కడున్నది శత్రువేనని భావించారు. ఐదుగురు అమెరికా సైనికులు, ఒక అఫ్గాన్ సైనికుడు తమవారి బాంబులకే బలయ్యారు. రేపు డ్రోన్ వచ్చినా, పైలట్ లేని విమానం వచ్చినా ఈ ఎనిమిదో వరుస మాత్రం తప్పదు. ఈ అంశం మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే.

యంత్రాల వంతు

ఇంత అయ్యాకే యంత్రాల దగ్గరికి రండి. 2001లో అఫ్గానిస్తాన్‌లో, 1950ల నాటి రూపకల్పన అయిన బీ-52 బాంబర్లు ఉపగ్రహ మార్గదర్శక బాంబులతో చాలా ఎత్తు నుంచి క్లోజ్ ఎయిర్ సపోర్ట్ అందించాయి. ఆ పనికి ప్రత్యేక విమానమే కావాలన్న వాదన అప్పుడే బలహీనపడింది. ఏ-10ను విరమింపజేయాలని అమెరికా వాయుసేన ఏళ్ల తరబడి కోరుతున్నా, అక్కడి చట్టసభ పదేపదే అడ్డుపడింది. సైనికులకు ఆ విమానం మీదున్న నమ్మకం దీనికి ఒక కారణం, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి. మన దగ్గర నేలమీది దాడికి వాడిన మిగ్-27లు 2019 డిసెంబరు 27న జోధ్‌పూర్‌లో వీడ్కోలు తీసుకున్నాయి. ఎత్తైన పర్వతాల కోసం హెచ్‌ఏఎల్ రూపొందించిన ప్రచండ్ హెలికాప్టర్లు 2022 అక్టోబరు 3న అక్కడే సేవలో చేరాయి. 2025 మార్చిలో మరో 156 ప్రచండ్‌లకు ఒప్పందం కుదిరింది. అందులో 90 సైన్యానికి, 66 వాయుసేనకు. 2024 అక్టోబరులో 31 ఎంక్యూ-9బీ డ్రోన్లకు అమెరికాతో ఒప్పందమైంది. హైదరాబాద్ శివారున సాగర్ రోడ్డుకు దగ్గరలోని ఆదిభట్లలో టాటా, బోయింగ్ ఉమ్మడి కర్మాగారం అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజ్‌లేజ్‌లను, అంటే ప్రధాన దేహ భాగాలను తయారు చేస్తోంది. మన జిల్లాల ఐటీఐ, డిప్లొమా విద్యార్థులు ఈ చర్చను దూరపు సంగతిగా చూడనక్కర లేదనడానికి ఇదొక్కటి చాలు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. దట్టమైన గగనతల రక్షణ ఉన్న శత్రువుకు ఎదురుగా, తక్కువ ఎత్తున ఎగిరి తుపాకితో కాల్చే మానవ సహిత విమానాన్ని కొత్తగా రూపొందించడం దండగ. పని మాత్రం తగ్గలేదు. అది ఫిరంగి, చిన్న డ్రోన్, దాడి హెలికాప్టర్, ఎత్తున ఎగిరే యుద్ధవిమానం మధ్య పంచుకోబడింది. వీటిని కలిపి నడిపే కంట్రోలర్‌కూ, ఆయన రేడియో, సంకేతాలను అడ్డుకునే శత్రువు జామింగ్‌కు లొంగకుండా ఉండటానికీ పెట్టే డబ్బే ముందు తరాల సైనికుల ప్రాణాలు కాపాడుతుంది.

లెక్చరెట్‌కు వచ్చినప్పుడు మొదటి అర నిమిషం నిర్వచనానికి, తర్వాతి నిమిషం కార్గిల్ ఎత్తుల లెక్కకు, ఆ తర్వాత అర నిమిషం ఉక్రెయిన్‌కు ఇచ్చి, మిగిలిన సమయమంతా భారత పరిస్థితికి ఉంచుకోండి. బృంద చర్చలో ఎవరైనా డ్రోన్లు వచ్చాక మరేదీ అక్కర లేదంటే, గొంతు పెంచకుండా లద్దాఖ్ ఎత్తుల గురించి అడగండి. 5,000 మీటర్ల దగ్గర పలుచటి గాలిలో చిన్న డ్రోన్ రెక్కలకు పట్టు తగ్గుతుంది, చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, గాలివాటు దాన్ని పక్కకు నెట్టేస్తుంది. కొండకు అవతలి వాలు మీద ఉన్న మకాం ఫిరంగి గుండుకు తేలిగ్గా అందదు. అలాంటి చోట చిక్కుకున్న ప్లాటూన్ పిలుపునకు పది నిమిషాల్లో ఎవరు రాగలరో పట్టికలో చూసి, పేరు పెట్టి చెప్పమనండి.