ఉద్దానం తోటలో అగ్నిపర్వతం పాఠం: మాగ్నెటోమీటర్‌లో రొద ఎక్కడిది?

మాగ్మా (కరిగిన రాయి) పైకొస్తే చుట్టూ ఉన్న రాయి వేడెక్కుతుంది. 580 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ రాయిలోని మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం తన అయస్కాంతత్వాన్ని పోగొట్టుకుంటుంది. దాన్ని పట్టేది మాగ్నెటోమీటర్, అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం. కొండమీద మనకు అందే మార్పు చాలాసార్లు 10 నానోటెస్లాల (క్షేత్రబలాన్ని కొలిచే ప్రమాణం) లోపే. మన శ్రీకాకుళం జిల్లాలో భూమి అయస్కాంత క్షేత్రమేమో 40,000 నానోటెస్లాలు దాటి ఉంటుంది. అందుకే మా విద్యార్థుల్ని ముందు ఉద్దానం కొబ్బరితోటల్లోకి తీసుకొస్తాను. ఇక్కడ అగ్నిపర్వతం లేదు, కాబట్టి గ్రాఫ్‌లో కదిలిందంతా రొదే, అంటే కొండతో సంబంధం లేని అలజడే.

సమస్య: పొద్దున్న మొదలై మధ్యాహ్నానికి మారి, సాయంత్రానికి సర్దుకునే వంపు. రోజూ అంతే.
కారణం: ఎండకి పైవాతావరణంలోని విద్యుదావేశ పొర అయిన అయనోస్ఫియర్‌లో పారే కరెంటు.
పరిష్కారం: దూరంగా రెండో పరికరం పెట్టి, ఒకే క్షణంలో తీసిన రీడింగుల తేడా చూడాలి. ఈ వంపు అక్షాంశాన్ని బట్టి మారుతుంది, కనుక రెండోదాన్ని మరీ ఉత్తరానికో దక్షిణానికో జరపొద్దు. ఇంకా మిగిలితే అర్ధరాత్రి దాటాక వచ్చిన రీడింగుల సగటు వాడండి.

సమస్య: అయస్కాంత తుఫాను (సూర్యుడి వల్ల భూమి క్షేత్రం అల్లాడే) రోజున తేడాలోనూ ముళ్లు.
కారణం: ఎక్కువగా గడియారాలు కలవకపోవడం. రెండిటికీ జీపీఎస్ టైమ్ పెట్టండి.

సమస్య: ఒక్క స్టేషన్‌లోనే గీత మెట్టులా లేచి అక్కడే నిలిచిపోయింది.
కారణం: దగ్గరలో ఇనుము. ఓసారి 30 నానోటెస్లాలు లేచింది. పిల్లలు కేబుళ్లన్నీ విప్పేశారు. చూస్తే నాలుగు మీటర్ల అవతల కొబ్బరిచెట్టుకి ఆనించిన మోపెడ్! “రెండు గెలలు దింపుకుని ఎలిపోతాను బాబూ” అన్నాడు రైతు. ఎనిమిది మీటర్లకి జరపమంటే నాలుగు నానోటెస్లాలకి పడిపోయింది. దూరం రెట్టింపైతే ప్రభావం ఎనిమిదో వంతు, ఆ లెక్క వాళ్లు అక్కడే పట్టుకున్నారు.
పరిష్కారం: సెన్సర్‌ను చెక్క స్తంభం మీద పెట్టండి. కత్తి, తాళాలు, ఫోను దూరంగా ఉంచండి. ఎవరు ఎప్పుడు వచ్చారో నోట్‌బుక్‌లో రాయండి.

పలాస వైపు రైలు పోతే వచ్చే కుదుపు కాసేపే. పక్కపక్క రీడింగుల్లో మధ్య విలువను తీసుకునే మీడియన్ ఫిల్టర్ చాలు.

సమస్య: నెలల తరబడి మెల్లగా వాలుతున్న తేడా.
కారణం: నేల వేడి కావచ్చు, నిజంగా కొండే కావచ్చు.
పరిష్కారం: నేలలో థర్మామీటర్ పాతి, రెండు గీతలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇక్కడ మాత్రం ఫిల్టర్‌తో నునుపు చేయొద్దని గట్టిగా చెబుతాను. జపాన్‌లో 1986 నవంబరులో ఇజు-ఓషిమా అగ్నిపర్వతం పేలకముందు బిలం దగ్గర క్షేత్రం మెల్లగానే మారుతూ వచ్చింది. అలాంటి వాలు, మెల్లని మార్పుల్ని తీసేసే ఒక్క హైపాస్ ఫిల్టర్‌తో మాయమైపోతుంది. ముడి ఫైలు ముట్టుకోకుండా దాచి, సవరణలన్నీ దాని నకలు మీదే చేయండి.