మరుగునపడిన తొలితరం బేస్‌బాల్ పిచర్ జీవితం రాయడం ఎలా: బాబీ మాథ్యూస్ ఉదాహరణగా

పందొమ్మిదో శతాబ్దపు అమెరికా బేస్‌బాల్‌లోని వృత్తి పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) జీవితాన్ని రాయదలచినవారు గెలుపుల లెక్క జోలికి వెళ్లేముందు, అతడు ఏ లీగులో, ఏ నిబంధనల కింద బంతి విసిరాడో తేల్చుకోవాలి. బాల్టిమోర్‌లో 1851లో పుట్టి 1898లో అక్కడే కన్నుమూసిన బాబీ మాథ్యూస్‌నే తీసుకుందాం. 1871 మే 4న ఫోర్ట్ వేన్‌లో జరిగిన నేషనల్ అసోసియేషన్ అనే తొలి వృత్తి బేస్‌బాల్ లీగు మొదటి మ్యాచ్‌లో అతడు కెకియోంగా జట్టు తరఫున బంతి విసిరి, క్లీవ్‌లాండ్ జట్టును ఒక్క పరుగైనా చేయనివ్వకుండా 2-0తో గెలిపించాడు. ఫీల్డర్లు ఉత్త చేతులతో బంతి పట్టిన ఆ కాలంలో, రెండంకెల స్కోర్లు మామూలుగా నమోదైన రోజుల్లో, ఇది ఎంత అరుదైన ఫలితమో పాఠకుడికి విడమరచి చెప్పాలి.

అతని ఖాతాలో 297 గెలుపులున్నాయని కొందరు, 166 మాత్రమేనని మరికొందరు రాస్తారు. రెండూ తప్పు కావు. నేషనల్ అసోసియేషన్‌లోని 131 గెలుపులను మేజర్ లీగు (అమెరికా అగ్రశ్రేణి వృత్తి బేస్‌బాల్) అధికారిక లెక్కలో చేర్చకపోవడమే ఆ తేడాకు కారణం కనుక, రెండు అంకెలనూ కారణంతో సహా ఇవ్వడమే న్యాయం. నా దృష్టిలో అతని ప్రతిభకు ఇంతకంటే గట్టి సాక్ష్యం వేరే ఉంది. 1871లో పిచర్ 45 అడుగుల దూరం నుంచి చేతిని నడుము కిందుగా ఊపి బంతి విసిరేవాడు. 1881 నాటికి ఆ దూరం 50 అడుగులైంది, కొన్నేళ్లకే భుజం మీదుగా విసరడానికీ అనుమతి వచ్చింది. ఇన్ని మార్పుల నడుమ, అయిదున్నర అడుగులైనా లేని ఈ మనిషి 1883, 1884, 1885 సంవత్సరాల్లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టుకు ఏటా 30 మ్యాచ్‌లు గెలిచిపెట్టాడు.

ఆధారాల కోసం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆన్‌లైన్‌లో ఉంచిన పాత పత్రికలను వెదకవచ్చు. అప్పటి స్కోరు పట్టికల్లో ఇంటిపేరు ఒక్కటే వేసేవారు, అక్షరక్రమమూ నిలకడగా ఉండేది కాదు. అందువల్ల ఇతని పేరును ఒక ‘టీ’తోనూ రెండు ‘టీ’లతోనూ వెదకాలి. కుటుంబ వివరాలకు జనగణన పత్రాలు అక్కరకొస్తాయి గానీ, 1890 నాటివి చాలావరకు నాశనమయ్యాయి కాబట్టి ఆ దశాబ్దానికి నగరవాసుల పేర్లు, చిరునామాలు ఇచ్చే నగర డైరెక్టరీలే దిక్కు. ఉమ్మితో తడిపిన బంతిని మొదట విసిరింది మాథ్యూసేనన్న మాటను మాత్రం, ఆ నాటి మ్యాచ్ వార్తల్లో ఆధారం దొరికేదాకా, ప్రచారంలో ఉన్న కథగానే పేర్కొనాలి.