హైదరాబాద్ చలిలో పెరటి పూల పొదలను కాపాడుకోవడం ఎలా?

హైదరాబాద్ చలి మొక్కల మీద మంచు గడ్డకట్టేంతటిది కాదు. నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరిలో 6.1 డిగ్రీలు. నగరం నడిబొడ్డున డిసెంబరు, జనవరి రాత్రులు చాలావరకు ఓర్చుకోదగినవే అయినా, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వంటి శివార్లలో చలిగాలులు వీచిన రోజుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కన్నా దిగువకు పడిపోతుంది. అయితే మన పెరళ్లలో పొదలు నేరుగా చలికి చనిపోవడం అరుదు. చలికి వేళ్ల పని మందగించిన తరువాత కూడా వేసవిలో పోసినట్టే నీళ్లు పోయడం వల్ల వేరు కుళ్లి చనిపోయేవే ఎక్కువ.

కాబట్టి ముందుగా ఏ మొక్కకు రక్షణ అవసరమో తేల్చుకోవాలి. మందారం, నూరువరహాలు, క్రోటన్, కరివేపాకు వేడిని కోరే మొక్కలు కనుక శ్రద్ధ వీటి మీద పెట్టాలి. గులాబీకి, చామంతికి ఈ చలి హితమే. దేవగన్నేరు ఆకు రాల్చినా, మల్లె చిగురు వేయకుండా ఊరుకున్నా అది వాటి విశ్రాంతి కాలమే తప్ప జబ్బు కాదు. కంగారుపడి నీళ్లూ ఎరువూ పెంచితేనే వాటికి చెరుపు.

తరువాతి పని నీటిని తగ్గించడం. పాదులో వేలిని రెండు అంగుళాల లోతుకు గుచ్చి, మట్టి పొడిగా తగిలినప్పుడే, అదీ ఎండ వచ్చిన తరువాత ఉదయం పూట నీరు పోయాలి. సాయంత్రం పోస్తే రాత్రంతా వేళ్లు చల్లని తడిలో ఉంటాయి. నల్లరేగడి మట్టి తడిని చాలాకాలం పట్టి ఉంచుతుంది గనుక అక్కడ మరింత ఎడం ఇవ్వాలి. కుండీల కింది పళ్లేల్లో నీరు నిలవనీయకూడదు.

ఆ తరువాత పాదులో ఎండుటాకులు గాని వరిగడ్డి గాని రెండు, మూడు అంగుళాల మందాన పరిస్తే, పగలు వేడెక్కిన నేల రాత్రి త్వరగా చల్లబడదు. ఈ పొర కాండానికి ఆనకుండా చుట్టూ కొంచెం ఖాళీ వదలాలి. ఆనితే మొదలు కుళ్లుతుంది.

ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలని రాత్రి నేలలోని వేడి త్వరగా పైకి పోతుంది. చలి తెల్లవారుజామున అత్యంత తీవ్రంగా ఉంటుంది. అటువంటి రాత్రి వస్తుందని వాతావరణ సూచన చెప్పినప్పుడు, పొద కన్నా ఎత్తైన నాలుగు కర్రలు పాతి, వాటి మీదుగా పాత నూలు చీరను నేలను తాకేలా కప్పాలి. మొక్కను కాచేది నేలలోంచి వచ్చే వేడే కనుక, గుడ్డ అంచులు గాలిలో వేలాడితే ప్రయోజనం తక్కువ. ప్లాస్టిక్ పట్టా ఆకులకు తగిలితే తగిలినచోట ఆకు మాడుతుంది. ఉదయం ఎండ రాగానే కప్పు తీసేయాలి. వేసవిలో కట్టిన షేడ్‌నెట్‌ను చలికాలంలోనూ అలాగే వదిలేయడం చాలా మిద్దెతోటల్లో చూస్తుంటాం. అది మొక్కకు కావలసిన ఎండను ఆపుతుంది కాబట్టి సంక్రాంతి దాకా విప్పి ఉంచడమే మేలని నా అభిప్రాయం. మిద్దె మీది కుండీలను పిట్టగోడ మీద నుంచి దించి, దక్షిణపు ఎండ పడే గోడ పక్కన దగ్గరగా చేర్చితే చాలు.

నూరువరహాల లేతాకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపు రంగుకు తిరిగితే, అది సాధారణంగా ఇనుము లోపం. నేల చల్లబడినప్పుడు వేళ్లు ఇనుమును సరిగా తీసుకోలేవు. దీనికి యూరియా వేయడం పొరపాటు, ఎందుకంటే యూరియాతో వచ్చే లేత చిగుళ్లే చలికి ముందుగా దెబ్బతింటాయి. నవంబరు నుంచే దాన్ని ఆపాలి.

చలికి మాడిన కొమ్మలను వెంటనే కత్తిరించకూడదు. అవి లోపలి మొగ్గలకు కొంత అడ్డుగా ఉంటాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గదా, అప్పటిదాకా ఆగి, కొమ్మ బెరడును గోటితో కొద్దిగా గీకి చూడాలి. లోపల పచ్చగా ఉన్నంతమేర ఉంచి, గోధుమరంగు కనిపించిన భాగాన్ని మాత్రమే కత్తిరించాలి.